మా నాయనమ్మ సముద్రస్నానం

కాకినాడ వాళ్ళు సముద్రం అని ఒక్క మాటలో తేల్చేస్తారు గానీ, నా లెక్కలో అక్కడ కనీసం మూడు సముద్రాలున్నాయి. పోర్టు దగ్గర ఉన్నది ఒకటి. ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డం పడుకుని ఉండటం వల్ల అక్కడ కెరటం లేవదు. దమ్ము చేసిన చేలో నిలిచిన నీళ్ళలా బురదగా, బద్ధకంగా ఉంటుంది. వాకలపూడి లైట్‌హౌస్ దాటాక రెండోది మొదలవుతుంది. ఒక పక్క సరుగుడు తోటలు, ఇంకో పక్క మెత్తటి ఇసుక, మోకాలి ఎత్తు కెరటాలు, ఆదివారం సాయంత్రాలు మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళు. ఇంకా ముందుకు, ఉప్పాడ వైపు వెళ్ళేకొద్దీ మూడోది. దానికి మర్యాద తెలియదు. రోడ్డును కొరుకుతుంది, ఇళ్ళను మింగుతుంది, అడ్డంగా పోసిన బండరాళ్ళ మీదికెక్కి ఇవతలికి దూకుతుంది. నాకు ఇష్టమైనది ఆ మూడోదే.

తొంభైల చివర నేను కాకినాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. ఒక పాత డాబా ఇంట్లో వెనక పోర్షన్ అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆదివారం వచ్చిందంటే తోటి లెక్చరర్లు ఇద్దరు ముగ్గురితో కలిసి షేర్ ఆటో ఎక్కి ఆ బీచ్ రోడ్డు వెంట ఎక్కడో ఒకచోట దిగేవాళ్ళం. ఈ వారం సరుగుడు తోటల దగ్గర, పై వారం రాళ్ళకట్ట దగ్గర. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళదాకా తడిపేసుకుని, చీకటి పడేలోపు బస్సులో నించుని తిరిగొచ్చేవాళ్ళం. ఇంట్లో ఇసుక ఊడవలేక ఇంటిగలావిడ విసుక్కునేది. ఆవిడ విసుగు కూడా ఇప్పుడు తలుచుకుంటే బాగానే ఉంటుంది.

మా ఊరు మండపేట దగ్గర. కాకినాడకి బస్సులో రెండు గంటలు. ఆ రెండు గంటల దూరంలో ఉన్న సముద్రాన్ని మా నాయనమ్మ డెబ్భై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా వేలితో కూడా ముట్టుకోలేదు. చూడలేదని కాదు, ముట్టుకోలేదు. దానికి కారణం ఆవిడ పెట్టుకున్న నియమాలు. పర్వం కాని రోజున సముద్రాన్ని తాకకూడదట. అందులోనూ మొదటి స్నానం మాఘ పౌర్ణమి నాడే చెయ్యాలట. అది ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఆ ఒక్కరోజునా ఇంట్లో అంటు ఉండకూడదు.

అసలు చిక్కంతా ఆ అంటుతోనే. ఇంటిపేరు వాళ్ళలో ఎవరికి బిడ్డ పుట్టినా పది రోజులు పురుడు, ఎవరు పోయినా పది రోజులు మైల. ఆ పది రోజులూ గుడి లేదు, వ్రతం లేదు, పుణ్యస్నానం లేదు. ఇంటిపేరు వాళ్ళంటే నాలుగు గడపలైతే సరే. మా ఇంటిపేరు మూడు ఊళ్ళలో నలభై గడపల పైన ఉంది. పంట చేలకీ పిల్లలకీ కొదవ లేని వంశం. నలభై గడపల్లో ఏ నెలలో ఎవరు పుట్టకుండా, ఎవరు పోకుండా ఉంటారు? మా నాయనమ్మ జీవితమంతా ఎవరిదో ఒకరి పురుట్లోనో మైలలోనో గడిచిపోయిందని నాన్న వేళాకోళం చేసేవారు.

"స్నానంతోనే కదమ్మా అంటు పోయేది. ఆ స్నానమే వద్దంటే ఎలాగ?" అని ఒకసారి వాదించారు కూడా.

"నీకెందుకురా ఇవన్నీ. అసలు నీ మూలంగానే కదా నాకు మొదటిసారి తప్పిపోయింది" అంది నాయనమ్మ.

నిజమే. తాతయ్య బళ్ళు కట్టించి ఊళ్ళో అందర్నీ మాఘ పౌర్ణమికి తీసుకెళ్ళిన ఏడాది, సరిగ్గా మూడు రోజుల ముందు మా నాన్న పుట్టారు. ఆవిడ పురిటి మంచం మీద పడుకుని బళ్ళ చప్పుడు వింది. మరోసారి బండి ఎక్కి కూర్చున్నాక, దాయాదుల ముసలాయన పోయాడని పాలేరు పరుగెత్తుకొచ్చాడు. ఇంకోసారి బస్సు టిక్కెట్టు కూడా తీశాక కబురొచ్చింది. అలా ఎన్నిసార్లో. తాతయ్య పోయాక ఆ కోరిక గురించి ఆవిడ ఎవరితోనూ అనలేదు. కానీ ఏటా పంచాంగం కొనగానే ముందు మాఘమాసం పేజీ తీసి, పౌర్ణమి ఏ వారం పడిందో చూసేది. అది నేను చూస్తూనే పెరిగాను.

ఆ నియమాల్లోనే ఒక చిన్న సందు కూడా ఉండేది. కబురు చెవిన పడితేనే అంటు. పడకపోతే లేదు. మా ఇళ్ళలో ఇది అందరూ ఒప్పుకున్న సంగతి. నా చిన్నప్పుడు ఇంట్లో నోమో వ్రతమో ఉండగా పోస్ట్‌మాన్ పైన అశుభం అని రాసి ఉన్న కార్డు తెస్తే, ఎవరో ఏమిటో చదవకుండా తీసుకెళ్ళి వీధి చూరులో దోపేసేవారు. పూజ ముగిసి, పేరంటాళ్ళు వెళ్ళాక అప్పుడు తీసి చదివి తలస్నానాలు చేసేవారు. అప్పటిదాకా ఇంట్లో అందరూ ఆ చూరు కింద నుంచే ఏమీ ఎరగనట్టు తిరిగేవారు. నాకు ఒళ్ళు మండేది. ఎవరో పోయారని తెలిసి కూడా, ఆ ఎవరో ఎవరని తెలుసుకోకుండా పులిహోర ఎలా తింటారో అర్థమయ్యేది కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాయనమ్మను మామూలు ఆదివారం ఒకటి కాకినాడ తీసుకొచ్చాను. కనీసం చూస్తుందని. సరుగుడు తోటల దగ్గర ఆటో దిగి ఇసుకలోకి రాగానే ఆవిడ చెప్పులు విడిచి, చేతులు జోడించి, చాలాసేపు అలాగే నిలబడిపోయింది. తరవాత నీళ్ళకి చాలా దూరంగా దుప్పటి పరిపించుకుని కూర్చుంది. అప్పుడు పోటు సమయం. ఒక పెద్ద కెరటం ఇసుక మీద పాకుతూ దుప్పటి వైపు రావడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నెప్పులని మెట్లు ఎక్కని మనిషి, చీర రెండు చేతులతో ఎత్తి పట్టుకుని వెనక్కి పరుగెత్తిన పరుగు చూసి బీచ్‌లో వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

"నవ్వుతావేంటే? పర్వం కాని రోజు తగిలితే పాపం నాకా, దానికా?" అంది రొప్పుతూ. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో నా భుజం మీద తల ఆన్చి, "ఇంత పెద్దదని చెప్పలేదేంటే ఎవరూ" అంది. ఆ మాటతో నా నవ్వంతా ఎటో పోయింది. ఆవిడకి ఆ స్నానం ఎలాగైనా చేయించాలని ఆ బస్సులోనే అనుకున్నాను.

మరుసటి ఏడు మాఘ పౌర్ణమి దగ్గరపడుతున్నప్పుడు ఇంటిపేరు వాళ్ళలో ముసలివాళ్ళందరూ నిక్షేపంగా ఉన్నారు. ఒక్క భయం మాత్రం ఉంది. మా పెదనాన్నగారి కోడలు, అంటే మా వదిన, తొలి కాన్పుకి పెద్దాపురంలో పుట్టింట్లో ఉంది. అంతకుముందు ఒకసారి ఆరో నెలలో కడుపు పోయింది. ఈసారి ఒంట్లో రక్తం తక్కువగా ఉందనీ, మంచం దిగొద్దనీ డాక్టరు చెప్పింది. నాయనమ్మకి అది తొలి మునిమనవడో మునిమనవరాలో. రోజూ దేవుడి ముందు ఆ పిల్ల పేరు చెప్పుకుని దణ్ణం పెట్టేది. డాక్టరు ఇచ్చిన తేదీ పౌర్ణమి దాటిన రెండు వారాలకి ఉంది.

"చూశావా, అమ్మవారు నాకు రెండూ అమర్చింది. ముందు స్నానం, తరవాత పురుడు" అని మురిసిపోయింది నాయనమ్మ. అయినా ఊరి మీద నమ్మకం లేదు. పౌర్ణమికి రెండు రోజుల ముందే అమ్మను వెంటపెట్టుకుని కాకినాడలో నా పోర్షన్‌కి వచ్చేసింది. "ఊళ్ళో ఉంటే ఎవడో ఒకడు చస్తాడే" అంది, సంచీ కింద పెడుతూనే. నాన్న రెండో పంట దాళ్వా చేలకి వంతు నీళ్ళు పెట్టుకోవాలని రాలేదు. ఏం జరిగినా సరే ఫోన్ చెయ్యొద్దని ఆయన దగ్గర మాట తీసుకుని మరీ వచ్చింది. కానీ పెద్దాపురం వాళ్ళకి మా ఇంటిగలావిడ ఫోన్ నంబరు నేనే ఇచ్చాను. ఏదైనా అవసరమైతే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకురావాలి కదా, నేను ఇక్కడే ఉన్నాను కదా అని. ఇచ్చిన సంగతి నాయనమ్మకి చెప్పలేదు.

పౌర్ణమికి ముందురోజు సాయంత్రం. దీపాలు పెట్టే వేళ. అమ్మ వంటింట్లో నాయనమ్మ ఫలహారానికి బియ్యపురవ్వ జల్లిస్తోంది. నాయనమ్మ మర్నాటికి కావలసిన కొబ్బరికాయ, పువ్వులు, పొడిచీర ఒక బుట్టలో సర్దుతోంది. ఇంటిగలావిడ పెరటి తలుపు దగ్గరికి వచ్చి, "మీకు పెద్దాపురం నుంచి ఫోనండి" అంది. అదృష్టం, నాయనమ్మకి కాస్త చెముడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తిరిగొచ్చినప్పుడు వంటింట్లోకి రాలేదు. పెరట్లో గుమ్మం అవతలే నిలబడిపోయింది.

"ఏంటమ్మాయ్, అక్కడ నించున్నావు?" అంది నాయనమ్మ.

"నేను బయట ఉన్నానండి అత్తయ్యగారూ. ఇప్పుడే చూసుకున్నాను" అంది అమ్మ, తల దించుకుని.

అమ్మ వదిలి వెళ్ళిన జల్లెడ నా చేతిలో ఉంది. అది అలాగే ఆగిపోయింది. అమ్మకి నెలసరి ఆగిపోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆ రోజుల్లో ఒళ్ళంతా ఆవిర్లని అమ్మ అవస్థ పడుతుంటే ధనియాల కషాయం కాచి ఇచ్చింది, పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దని నెలరోజులు తనే వంట చేసింది నాయనమ్మే. ఆవిడకి తెలియకపోవడమేంటి.

నాయనమ్మ అమ్మ వైపు చూసింది. ఆవిడ చేతిలో చామంతులున్నాయి. వాటిని ఒక్కొక్కటీ బుట్టలో పెట్టడం పూర్తిచేసింది.

"సరే, అయితే నువ్వు ఆ వరండాలో పడుకో. వంట పిల్ల చేస్తుందిలే" అంది. తరవాత ఎవరి వైపూ చూడకుండా, "రేపు స్నానం అయ్యేదాకా నాతో ఎవరూ ఏ కబుర్లూ చెప్పకండి. నాకు ఓపిక లేదు" అంది.

నేను వరండాలోకి వెళ్ళి అమ్మకి చాప వేస్తూ, "ఏంటమ్మా ఫోన్?" అన్నాను మెల్లగా.

"నన్నేం అడక్కు. నువ్వు వింటే నీకూ అంటు వస్తుంది. రేపు సముద్రంలో ఆవిడ చెయ్యి పట్టుకోవడానికి ఇంకెవరున్నారు?"

"మంచో చెడో ఒక్క ముక్క చెప్పు చాలు."

"ఏదైనా అంటు తప్పదు కదే" అంది అమ్మ, మొహం గోడ వైపు తిప్పుకుని.

నాకు కోపం వచ్చింది. మీ నియమాలూ మీరూ అనబోయి ఆగాను. ఎందుకంటే అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. మా ఇంట్లో ఈ నియమాలను నాయనమ్మ కంటే గట్టిగా నమ్మేది అమ్మే. నాయనమ్మకి అవి పుట్టుకతో వచ్చాయి. అమ్మ మాత్రం కొత్త కోడలిగా వచ్చి, ఎంగిలి చెయ్యి తగిలిందని, తడిబట్ట ఆరలేదని, పాతికేళ్ళు చీవాట్లు తిని నేర్చుకుంది. అలా నేర్చుకున్న మనిషి ఇప్పుడు దేవుడి పని మీద వచ్చి అబద్ధం ఆడింది. పైగా ఆ అబద్ధం కూడా నియమానికి లోబడే ఆడింది. కబురు విన్నది కాబట్టి తను అంటు. తను నాయనమ్మకి తగలకూడదు. తగలకుండా ఉండటానికి ఆ పూట ఇంకే వంకా దొరకలేదు.

ఉప్పుడుపిండి నేనే వండాను. ఉండలు కట్టింది, అడుగంటింది. అమ్మకి విస్తరాకులో పెట్టి వరండాలో దూరంగా పెట్టి వచ్చాను. నాయనమ్మకి వంటింట్లో పెట్టాను. ఆవిడ కలుపుతూ కూర్చుంది గానీ నోట్లో పెట్టుకోలేదు. ఎడమ చేతి వేళ్ళ మీద ఏదో లెక్క వేస్తోంది. వదినకి ఎన్నో నెల, ఎన్ని రోజులు తక్కువ. సగంలో ఆపేసి చెయ్యి చీర కొంగులో దాచుకుంది.

"మీ అమ్మ ఏడుస్తోందా?" అని అడిగింది హఠాత్తుగా.

"లేదు నాయనమ్మా."

"తింటోందా?"

నేను లేచి వెళ్ళి తొంగి చూశాను. విస్తరాకు పెట్టింది పెట్టినట్టే ఉంది. అమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆన్చుకుని పెరటి గోడను చూస్తూ కూర్చుంది. నా వంట అలాంటిది మరి, అందుకే తినలేదేమోలే అని నాకు నేను చెప్పుకున్నాను.

"తింటోంది నాయనమ్మా" అన్నాను. అలా ఆ ఇంట్లో అబద్ధం ఆడినవాళ్ళం ఇద్దరమయ్యాం. నాయనమ్మ ఆ మాట కాసేపు మనసులో తిప్పుకుని, నాలుగు మెతుకులు తిని చెయ్యి కడిగేసుకుంది.

ఆవిడకి ఏ నిమిషంలోనైనా అడిగే అవకాశం ఉంది. వరండా నాలుగు అడుగుల దూరం. అడిగితే వదిన సంగతి తెలుస్తుంది, సముద్రం పోతుంది. అడగకపోతే సముద్రం దక్కుతుంది గానీ, ఆ పిల్ల ఏమైందో తెలియకుండా తెల్లవార్లూ గడపాలి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. మళ్ళీ ఏడాదికి మోకాళ్ళు ఎలా ఉంటాయో, కళ్ళు ఎలా ఉంటాయో. చిన్నప్పుడు చూరులో దోపిన కార్డు కింద నుంచి ఆవిడ తిరుగుతుంటే ఎంత రాతిగుండె అనుకున్నానో. ఆ కార్డు ఆవిడ మీద ఎంత బరువుగా ఉండేదో ఆ సాయంత్రమే తెలిసింది.

తెల్లవారకముందే ముందురోజు మాట్లాడిపెట్టిన ఆటో వచ్చింది. వెనక సీట్లో ముగ్గురం కూర్చుంటే అమ్మ నాయనమ్మకి తగలక తప్పదు. అందుకని అమ్మ వెళ్ళి డ్రైవర్ పక్కన అతని సీటు చివర ఒంటి తుంటి మీద కూర్చుంది.

"అదేంటండీ, వెనక ఖాళీ ఉంది కదండి" అన్నాడు అతను.

"ఇక్కడే బాగుంది బాబూ, గాలొస్తుంది" అంది అమ్మ. మాఘమాసపు చలిలో గాలి కావలసిన మనిషిని ఓసారి ఎగాదిగా చూసి అతను బండి తీశాడు. నాయనమ్మ మాత్రం దారి పొడుగునా అమ్మ వీపునే చూస్తూ కూర్చుంది.

బీచ్ రోడ్డు ఎక్కాక చూస్తే ఊళ్ళకి ఊళ్ళు అక్కడే ఉన్నాయి. ట్రాక్టర్ తొట్లలో గడ్డి పరుచుకుని వచ్చినవాళ్ళు, లారీల్లో వచ్చినవాళ్ళు, సైకిల్ మీద వెనక తల్లిని కూర్చోబెట్టుకుని తొక్కుతున్నవాళ్ళు. వాకలపూడి దగ్గర దిగిపోదామన్నాను, అక్కడ కెరటం మెత్తగా ఉంటుందని. నాయనమ్మ ఒప్పుకోలేదు. పెద్ద సముద్రం కావాలంది. ఉప్పాడ ఇంకా కొంచెం దూరం ఉండగా, రాళ్ళకట్ట లేనిచోట పడవలు ఒడ్డుకు లాగి ఉన్న ఇసుక మీద దిగాం. వెనక పడమటి వైపు సరుగుడు చెట్ల మీద చంద్రుడు ఇంకా ఉన్నాడు. ముందు తూర్పున నీళ్ళ అంచు ఎరుపెక్కుతోంది. పౌర్ణమి పోటు. కెరటాలు మనిషెత్తు లేచి విరుగుతున్నాయి.

అమ్మ మా చెప్పులకీ, పొడిబట్టల బుట్టకీ దూరం నుంచే కాపలా కాస్తానని ఒక పడవ పక్కన నిలబడింది. నేను నాయనమ్మ చెయ్యి పట్టుకుని నీళ్ళ వైపు నడిచాను. చీలమండల దాకా వచ్చిన మొదటి కెరటం వెనక్కి లాగేటప్పుడు కాళ్ళ కింద ఇసుక జారింది. ఆవిడ ఒరిగిపోయింది. నేను పట్టుకోబోయి నేనూ తూలాను. ఈ ముసలావిడను నేనొక్కదాన్ని ఆపలేనని అప్పుడు తెలిసింది. అమ్మ కోసం వెనక్కి చూశాను. అమ్మ రెండడుగులు ముందుకు వేసి, ఆగి, చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని నిలబడిపోయింది.

ఒడ్డున వల చిక్కు తీసుకుంటున్న ఒకావిడ ఇదంతా చూసి లేచి వచ్చింది. నల్లగా, బలంగా, అమ్మ వయసే ఉంటుంది. "అక్కడ గుంట ఉందమ్మా, ఇటు రండి" అని నాయనమ్మ రెండో చెయ్యి పట్టుకుంది. "కెరటానికి ఎదురు నించోకండి మామ్మగారూ, పక్కకి తిరగండి. నేను చెప్పినప్పుడు మునగండి."

పరాయి చెయ్యి తగిలితే మళ్ళీ తలస్నానం చేసే మా నాయనమ్మ, ఆ చెయ్యిని గట్టిగా పట్టుకుని, "అలాగేనమ్మా" అంది. ఒకటి. లేచింది. రెండు. లేచింది. మూడోసారి మునిగి లేవడానికి ఆలస్యమైంది. నేను కంగారుపడి లాగాను. లేచి, కళ్ళు తుడుచుకోకుండా, తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టింది. పెదాలు కదులుతున్నాయి. పెద్దాపురంలో ఉన్న పిల్ల పేరు మాత్రం నాకు వినిపించింది. ఆ పేరు చెప్పి, కొంగున ముడి వేసుకున్న అక్షతలు విప్పి నీళ్ళలో వదిలింది. తల్లి కావలసిన పిల్లకి వదిలిందో, పోయిన పిల్లకి వదిలిందో ఆవిడకే తెలియదు. అక్కడ నాకు ఏడుపు వచ్చింది. ఉప్పునీళ్ళలో ఉన్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదు.

కొబ్బరికాయ కొట్టి సముద్రంలో వదిలి, ఆ పట్టుకున్నావిడకి దణ్ణం పెడితే ఆవిడ సిగ్గుపడి వల దగ్గరికి వెళ్ళిపోయింది. నాయనమ్మ పొడిచీర కోసం ఆగలేదు. తడిబట్టలతోనే ఇసుకలో అమ్మ వైపు నడిచింది. ఆవిడ దగ్గరికి వచ్చేకొద్దీ అమ్మ వెనక్కి అడుగులు వేస్తోంది. పడవ చెక్క వీపుకి తగిలి ఆగింది.

"స్నానం అయిపోయింది. ఇంక చెప్పు. పురుడా, మైలా?" అంది నాయనమ్మ.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ రెండు క్షణాల్లో నాయనమ్మ మొహం చూడలేక నేను ఇసుక వైపు చూశాను.

"పురుడేనండి అత్తయ్యగారూ. ఆడపిల్ల. నిన్న సాయంత్రం ఆపరేషన్ చేసి తీశారు. తల్లీ పిల్లా క్షేమంగా ఉన్నారండి."

నాయనమ్మ ఉన్నచోటే ఇసుకలో కూలబడింది. తడి తలని రెండు చేతుల్లో పెట్టుకుని పైకే ఏడ్చింది. పక్కనే చలికి కాగితాలు మంట వేసుకుంటున్న ట్రాక్టర్ వాళ్ళు తిరిగి చూశారు. అమ్మ అలాగే పడవకి ఆనుకుని, తనూ ఏడుస్తూ, "నేను దాచానండి. నాది తప్పేనండి. మీకు నిన్నే అనుమానం వచ్చినట్టుంది, ఇప్పుడీ స్నానం చెల్లుతుందో లేదో" అంటోంది.

"నా చెవిన పడలేదు కదా. చెల్లుతుంది" అంది నాయనమ్మ ముక్కు తుడుచుకుంటూ. తరవాత తలెత్తి, "చూస్తూ నించుంటావేం? ఇప్పుడు నాకూ అంటు, నీకూ అంటు. వచ్చి లేవదియ్యి" అని రెండు చేతులూ చాపింది.

అమ్మ ఒక్క అంగలో వచ్చి ఆ చేతులు పట్టుకుంది. లేవదియ్యడం మానేసి తనూ పక్కన కూర్చుండిపోయింది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు వదలకుండా, ఎండ చురుక్కుమనేదాకా ఆ ఇసుకలోనే ఉన్నారు. నేను పొడిచీర పట్టుకుని నిలబడి ఉన్నాను. నన్నెవరూ పట్టించుకోలేదు.

చివరికి లేచి రోడ్డు వైపు నడుస్తున్నప్పుడు నాయనమ్మ బరువంతా అమ్మ భుజం మీదే ఉంది.

"పిల్ల ఎలా ఉందటే? ఎంత బరువుందట? ఎవరి పోలికట?" అని అడిగింది.

"అడగలేదండి" అంది అమ్మ. "వాళ్ళు చెప్పబోతుంటే ఫోన్ పెట్టేశాను. అదంతా వింటే నా మొహంలో సంతోషం ఆగదు, మీరు చూసేస్తారని."